జపాన్ రాజకొలువు సంప్రదాయ దుస్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

2019 పట్టాభిషేకం వీడియో ఎవరైనా షేర్ చేసినప్పుడల్లా, జపాన్ యువరాజు ఫోటోలు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడితే బాగుంటుందనిపించింది. ప్రశ్నలు మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను, ఎక్కడ నుంచైనా చదువుకోవచ్చు.

## మొదటిసారి ఫోటో చూసినప్పుడు

రాజుగారు వేసుకున్న ఆ గోధుమరంగు అంగీ ఏంటి? అంత పెద్ద పట్టాభిషేకానికి జరీ, నగలు, కిరీటం ఏమీ లేవేంటి?

అది కోరోజెన్ నో గోహో. 2019 అక్టోబర్ 22న టోక్యో ప్యాలెస్‌లో చక్రవర్తి నరుహితో పట్టాభిషేక ప్రకటన చేసినప్పుడు వేసుకున్నది ఇదే. చూడ్డానికి సాదాగా ఉంటుంది గానీ ఈ రంగుని జపాన్‌లో చక్రవర్తి ఒక్కరే వేసుకుంటారు, 820లో సాగా చక్రవర్తి చేసిన ఏర్పాటు అది, ఇప్పటికీ నడుస్తోంది. మనం రాజు అనగానే బంగారం, వజ్రాలు వెతుక్కుంటాం, అక్కడ మాత్రం రంగే కిరీటం పని చేస్తుంది. హాల్లో ఎంతమంది ఉన్నా ఆ రంగు ఒక్కరి ఒంటి మీదే ఉంటుంది కాబట్టి ఎవరు చక్రవర్తి అని ఎవరూ చెప్పక్కర్లేదు. నాకైతే ప్రపంచంలో ఏ రాజుల బట్టల్లోనూ ఇంత నిండుదనం కనిపించలేదు.

మహారాణి వేసుకున్నది కిమోనోనే కదా?

దూరం చుట్టరికం ఉంది గానీ ఇప్పుడు మనం కిమోనో అని పిలిచేది వేరు. కిమోనోకి నడుం మీద వెడల్పాటి ఓబి పట్టీ ఉంటుంది, కొలువు దుస్తుల్లో ఓబి అసలు ఉండదు. సామ్రాజ్ఞి మసాకో ఆరోజు వేసుకున్నదాన్ని జనం జూనిహితోయె అంటారు, పన్నెండు పొరలు అని అర్థం, ప్యాలెస్ వాళ్లు మాత్రం అందులో ఉన్న బట్టల పేర్లతోనే పిలుస్తారు. లోపల నుంచి బయటికి చెప్పుకుంటే తెల్లటి లోపలి అంగీ కొసోదే, నేల మీద పారాడే పొడుగు హకమ (నడుం నుంచి కిందకి వేసుకునే వదులు బట్ట), లైనింగ్ లేని హితోయే, ఇత్సుత్సుగిను అనే అయిదు అంగీలు, ఉచిగిను, ఉవాగి, అన్నిటి మీదా పొట్టిగా ఉండే కరగిను, ఇక నడుం నుంచి వెనక్కి వదిలేసిన కొంగులా జారే మో. ఈ కరగిను, మో రెండూ ఉంటేనే పూర్తి కొలువు వేషం.

నిజంగా పన్నెండు పొరలు ఉంటాయా?

లెక్క పెడితే కచ్చితంగా పన్నెండు రాదు. హెయాన్ కాలంలో, అంటే క్యోటో రాజధానిగా ఉన్న 794 నుంచి 1185 దాకా, ఒకప్పుడు ఎన్ని పొరలు వేసుకోవాలన్న లెక్కే లేదు, ఎవరి దర్జా కొద్దీ వాళ్లు పెంచుకుంటూ పోయారు. అప్పటి కొలువులో చక్రం తిప్పిన ఫుజివారా నో మిచినగా కూతురు కెన్షి ఇచ్చిన విందులో కొలువులోని ఆడవాళ్లు 20 పొరల దాకా వేసుకొస్తే ఆయన మండిపడ్డాడని ఆ కాలం చరిత్ర కథనాల్లో ఉంది. తర్వాత తర్వాత మధ్యలో పొరలు అయిదు అని స్థిరపడ్డాయి.

టోపీ వెనక నిటారుగా నిలబడి ఉన్న నల్ల పట్టీ ఏంటి?

ఆ టోపీ పేరు కన్మురి, వెనక ఉన్న పట్టీ ఎయ్. ఎయ్ చూస్తే మనిషి ఎవరో తెలిసిపోతుంది. నిటారుగా పైకి లేచి ఉంటే చక్రవర్తి. కిందకి వాలి ఉంటే యువరాజులు, సివిల్ అధికారులు. గుండ్రంగా చుట్టేసి ఉండి చెవుల దగ్గర నల్లటి కుచ్చులు ఉంటే కాపలా దళం, అంటే సైనికాధికారుల వేషం. పాతరోజుల్లో మగవాళ్లకి కొప్పు ఉండేది కాబట్టి ఆ కొప్పు మీద టోపీ నిలబడేది, మెయిజి కాలంలో (1868–1912) కొప్పులు పోయాయి, దాంతో ఇప్పుడు గడ్డం కింద నుంచి తాడు కడతారు.

ఆయన చేతిలో చెక్క, ఆవిడ చేతిలో విసనకర్ర ఎందుకు?

చెక్క పేరు షాకు. మొదట్లో దాని లోపలి వైపు చిన్న కాగితం అంటించి కార్యక్రమం వరస రాసుకునేవాళ్లు, ఏది ముందో ఏది తర్వాతో మర్చిపోకుండా. రాన్రాను అది మర్యాద గుర్తుగా మిగిలింది. ఆడవాళ్లు పట్టుకునేది హియోగి, హినోకి చెట్టు చెక్కని పల్చగా చీల్చి దారంతో కుట్టి, పైన బొమ్మలు వేసి, రెండు చివరలా రంగురంగుల పట్టు తాళ్లు వేలాడదీస్తారు. విసురుకోడానికి కాదు.

## రంగు, నేత, పట్టు

కోరోజెన్ రంగు ఎర్రచందనంతో చేస్తారని ఒకరు పోస్ట్ పెట్టారు, నిజమా?

కాదండీ. అందులో పడేవి ముఖ్యంగా రెండు. ఒకటి హాజె, జపాన్‌లో పెరిగే ఒక చెట్టు, దాని చెక్క నుంచి పసుపు వస్తుంది. రెండోది సువో, అంటే సప్పన్ చెక్క, దాని నుంచి ఎరుపు వస్తుంది. ఎర్రచందనంతో తికమక పడేది ఈ రెండోదాని దగ్గరే, రెండూ లోపల ఎర్రగా ఉండే చెక్కలే గానీ చెట్లు వేరు. కేరళలో పతిముఖం అని నీళ్లలో వేసి మరిగిస్తారు చూడండి, నీళ్లు లేత గులాబీ రంగులోకి వస్తాయి, ఆ చెక్కే ఇది. సప్పన్ జపాన్‌లో పెరగదు, దక్షిణాసియా, ఆగ్నేయాసియా వైపు నుంచి ఓడల్లో రావాల్సిందే, కాబట్టి చక్రవర్తి ఒక్కడి రంగులో సగం సరుకు సముద్రం దాటి వచ్చిందే. అద్దకంలో పసుపు ఎక్కువైనా ఎరుపు ఎక్కువైనా రంగు తప్పిపోతుంది, అందుకే ఇది చాలా కష్టమైన రంగు అని అద్దకం వాళ్లు చెబుతారు. వెలుతురుని బట్టి ఒకసారి బంగారు గోధుమగా, ఒకసారి ఎర్రగా కనిపిస్తుంది, ఫోటోల్లో ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉండటానికి కారణం కెమెరా ఒక్కటే కాదు.

యువరాజుకి ఆరెంజ్ రంగు ఎందుకు?

అది ఓని, ఉదయించే సూర్యుడి రంగు అంటారు. 8వ శతాబ్దపు యోరో చట్టంలోనే ఇది యువరాజు రంగని రాసి ఉంది. గార్డెనియా కాయల నుంచి పసుపు, కుసుమ పువ్వు నుంచి ఎరుపు తీసి కలుపుతారు. కుసుమ అంటే మన తెలంగాణ, రాయలసీమ చేలల్లో నూనె కోసం వేసే అదే కుసుమ, గార్డెనియా మన పెరట్లో గంధరాజం. మనకి బాగా తెలిసిన రెండు మొక్కల్లోంచి వాళ్ల యువరాజు రంగు వస్తోందంటే నాకు భలే సంతోషంగా ఉంటుంది. 1993 జూన్ 9న నరుహితో పెళ్లికి వేసుకున్నది ఈ రంగే, ఆయన తమ్ముడు అకిషినో 2020 నవంబర్ 8న వారసుడిగా ప్రకటించిన రోజు వేసుకున్నదీ ఇదే. నేతలో జంట మాండరిన్ బాతుల డిజైన్ ఉంటుంది.

మిగతావాళ్లు ఏ రంగైనా వేసుకోవచ్చా? వేరేవాళ్ల రంగు వేసుకుంటే ఊరుకునేవాళ్లా?

ఊరుకునేవాళ్లు కాదు. 603 నుంచే హోదాని టోపీ రంగుతో చూపించే పద్ధతి మొదలైంది, తర్వాత చట్టాల్లో బట్టల రంగులు కూడా రాశారు. మొదటి శ్రేణికి ముదురు ఊదా, తర్వాత లేత ఊదా, ఆ కింద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఇలా. హెయాన్ మధ్యకాలానికి ఇది సులువైపోయి నాలుగో శ్రేణి దాకా నలుపు, అయిదో శ్రేణికి ఎరుపు, ఆ కిందవాళ్లకి ఆకుపచ్చ, నీలం మిగిలాయి. ఆడవాళ్లలో కూడా ఎర్ర కరగిను, ఒక రకం ఆకుపచ్చ కరగిను వేసుకోవాలంటే ప్రత్యేకంగా అనుమతి ఉండాలి. ఇలాంటివాటిని కింజికి అనేవాళ్లు, నిషేధించిన రంగులు. లేత గులాబీ, లేత ఊదా లాంటివి మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు.

మెడ దగ్గర, చేతుల చివర వరసగా రంగులు కనిపిస్తాయి కదా, వాటికి ఏదైనా రూల్ ఉందా లేక మ్యాచింగ్ చూసుకోవడమేనా?

రూల్ ఉంది, ఈ దుస్తుల అందమంతా నాకు తెలిసి అక్కడే ఉంది. కసానె నో ఇరోమె అంటారు దాన్ని. అన్ని పొరలు వేసుకున్నా బయటికి కనిపించేది మెడ దగ్గర, చేతుల దగ్గర, కింద అంచు దగ్గర వేలెడంత వెడల్పు చారలే. ఆ చారల్లో ఋతువు కనబడాలి. ప్లమ్ పువ్వు వరస, యమబుకి అనే పసుపు పువ్వు వరస, విస్టేరియా వరస, మేపుల్ ఆకులు పండిన వరస, ఇలా ఒక్కోదానికి పేరు ఉంటుంది, పైన ముదురు నుంచి లోపలికి లేతగా పోయేవి కొన్ని, చివర్లో ఉన్నట్టుండి ఆకుపచ్చ పొర ఒకటి తొంగి చూసేవి కొన్ని. ఇంకోటి ఏంటంటే ప్రతి అంగీకి పైబట్ట ఒక రంగు లైనింగ్ ఒక రంగు, పైబట్ట పల్చగా ఉంటే లోపలి రంగు పైకి తేలి మూడో రంగు పుడుతుంది, తెల్లటి పల్చటి పట్టు కింద ఎర్ర లైనింగ్ పెడితే చెర్రీ పువ్వు అన్నమాట.

పువ్వు పూయకముందే ఆ రంగు వేసుకుంటే మెచ్చుకునేవాళ్లు, పూత అయిపోయాక వేసుకుంటే తెలివి తక్కువ కింద లెక్క. ఆ కాలం ఆడవాళ్లు మగవాళ్ల ఎదురుగా ముఖం చూపించేవాళ్లు కాదు, వెదురు తెర కింద నుంచి చేతుల అంచులు మాత్రం బయటికి వదిలేవాళ్లు, ఎద్దుబండిలో వెళ్తుంటే తెర కింద నుంచి ఆ అంచులు వేలాడుతూ ఉండేవి, దారిన పోయేవాడు ఆ చారలు చూసి లోపల ఉన్నావిడ అభిరుచి ఎలాంటిదో ఊహించుకునేవాడు.

నేతలో ఉండే బొమ్మలకి అర్థం ఉందా?

ఉంది. చక్రవర్తి అంగీ మీద పౌలోనియా చెట్టు, వెదురు, కథల్లో ఉండే హోఓ అనే పక్షి, కిరిన్ అనే జంతువు ఉంటాయి. హోఓ పౌలోనియా మీద వాలి వెదురు గింజలు తింటుందని, మంచి పాలకుడు ఉన్నప్పుడే కనిపిస్తుందని చైనా నుంచి వచ్చిన నమ్మకం. ఇవన్నీ అదే రంగులో నేసినవి కాబట్టి దూరానికి కనిపించవు, దగ్గరికి వెళ్లి చూస్తేనే తెలుస్తాయి.

మహారాణి స్వయంగా పట్టుపురుగులు పెంచుతారట, ఆ పట్టుతోనే ఇవి నేస్తారా?

పెంచడం నిజం. 1871లో మెయిజి చక్రవర్తి భార్య సామ్రాజ్ఞి షోకెన్ మొదలుపెట్టారు, ఇప్పుడు టోక్యో ప్యాలెస్‌లో మొమిజియామా దగ్గర ఒక పట్టుపురుగుల ఇల్లు ఉంది, 2020 నుంచి మసాకో గారు చూసుకుంటున్నారు. అక్కడ కొయిషిమారు అనే పాత జాతిని కాపాడుతున్నారు, గూళ్లు చిన్నవి, దారం చాలా సన్నం. నారాలో షోసోయిన్ ఖజానాలో ఉన్న 8వ శతాబ్దం బట్టలకి నకళ్లు నేయడానికి ఆ దారం బాగా పనికొచ్చింది. కొలువు దుస్తులన్నీ ఆ పట్టుతోనే అనుకోవద్దు, అక్కడ వచ్చే దారం కొద్దిగానే. కొలువు నేత అనగానే జపాన్‌లో ముందు గుర్తొచ్చేది క్యోటోలో నేతకి పేరున్న నిషిజిన్ పేట.

## కట్టుకోవడం, మోయడం

ఇన్ని పొరలు ఎలా కడతారు? ఒక్కళ్లే కట్టుకోగలరా?

కుదరదు. కట్టడానికే ఎమోన్ అనే విద్య ఉంది, దాన్ని కాపాడే సంప్రదాయాలు రెండు, తకకురా, యమషినా. ఇద్దరు కడతారు, ఒకరు ముందు ఒకరు వెనక. ముందున్నవాళ్లు మోకాళ్ల మీదే ఉండి పని చేస్తారు, కట్టించుకునేవాళ్ల కంటే ఎత్తుగా నిలబడకూడదు కాబట్టి.

అసలు నేర్పంతా తాళ్లలో ఉంది. హితోయే వేసి నడుం దగ్గర ఒక తాడు కడతారు. దాని మీద తర్వాతి అంగీ వేసి రెండో తాడు కడతారు, రెండోది బిగియగానే లోపల ఉన్న మొదటి తాడుని లాగేస్తారు. ఆ లాగిన తాడే మూడో పొరకి, మళ్లీ లోపలిది బయటికి. ఇలా రెండే తాళ్లు మారుతూ మారుతూ చివరికి వచ్చేసరికి లోపల ఒక్క తాడు కూడా మిగలదు, మో కట్టిన పట్టీ ఒక్కటే అన్నిటినీ పట్టుకుని ఉంటుంది. ఒంటి మీద ఎక్కడా నొక్కదు. విప్పేటప్పుడు ఆ ఒక్క ముడి వదిలేస్తే మనిషి లోపల నుంచి బయటికి వచ్చేయొచ్చు, బట్టలు మాత్రం ఆకారం పోకుండా అలాగే నిలబడి ఉంటాయి. ఒక్కసారి ఈ కట్టే వీడియో మొదటి నుంచి చివరి దాకా చూడండి, ఎవరూ మాట్లాడరు, నాలుగు చేతులు మాత్రం కదులుతుంటాయి.

ఎంత బరువు ఉంటుంది? అంత పొడుగు బట్టలతో నడుస్తారా?

మామూలుగా 15 కిలోల పైమాటే అంటారు. హకమ పాదాలు దాటి వెనక్కి పోతుంది, అంటే పాదం బట్ట లోపలే ఉంటుంది, అడుగు ఎత్తి వేస్తే తొక్కుకుని పడిపోతారు. కాలు నేల మీద జరుపుతూ బట్టని ముందుకి తోసుకుంటూ పోవాలి, తిరగాలంటే ఇంకా నెమ్మది. అందుకే కార్యక్రమానికి ముందు రిహార్సల్స్ పెడతారు. 2019లో ముఖ్య కార్యక్రమం అరగంట మాత్రమే, అయినా అంతసేపూ కదలకుండా నిలబడటం తేలిక కాదు.

ఆడవాళ్ల జుట్టు రెండు పక్కలా రెక్కల్లా ఎందుకు ఉంటుంది?

ఆ ముడి ఎదో అనే కాలంది (1603–1868), ఒసుబెరకషి అంటారు, లోపల ఆధారం పెట్టి జుట్టుని పక్కలకి విప్పారేలా చేసి, వెనక జడలా వదిలేస్తారు. ముందు నెత్తి మీద బంగారు పూత వేసిన చిన్న అలంకారం, దువ్వెన పెడతారు. హెయాన్ కాలంలో ఇదేం లేదు, జుట్టుని పాపిట తీసి నేల దాకా వదిలేయడమే. కాబట్టి మీరు ఇప్పుడు చూసేది వెయ్యేళ్ల కిందటి బట్ట మీద చాలా తర్వాత వచ్చిన ఎదో కాలం జుట్టు.

మగవాళ్లకి లోపల ఏముంటాయి? పైన ఒక్క అంగీయేనా?

లేదు, వాళ్లకీ చాలా ఉంటాయి, పూర్తి వేషం పేరు సోకుతై. ఎర్రటి వెడల్పు లోహకమ, దాని మీద తెల్ల హకమ, హితోయే, అకోమె, షితగసానె, హన్పి అనే లోపలి అంగీలు, అన్నిటి మీదా హో అనే పై అంగీ, నడుముకి రాళ్లు పొదిగిన తోలు బెల్టు. వెనక నేల మీద పొడుగ్గా ఈడ్చుకుంటూ వచ్చేది క్యో, అది షితగసానె తోక. కాళ్లకి వేళ్లు విడిపోని తెల్ల పట్టు మేజోళ్లు. ఇందులోంచి తోక, రాళ్ల బెల్టు తీసేసి కింద ఉబ్బు హకమ కడితే అది ఇకాన్, కాస్త తేలిక వేషం, షింతో గుళ్లలో పూజారులు పెద్ద పూజలకి వేసుకునేది ఇదే.

## ఏ రోజుకి ఏ బట్ట

పట్టాభిషేకం రోజే పొద్దున తెల్లబట్టల్లో ఉన్న ఫోటోలు కూడా ఉన్నాయి, అవి వేరే రోజువా?

అదే రోజువి. 2019 అక్టోబర్ 22 పొద్దున ప్యాలెస్ లోపలి గుడి కషికోదొకోరో దగ్గర దంపతులిద్దరూ తెల్లపట్టులో వెళ్లి దేవతలకి విన్నవించుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి మత్సు నో మా హాల్లో రంగు దుస్తుల్లో లోకానికి ప్రకటించారు. దేవుడి ముందు తెలుపు, మనుషుల ముందు హోదా రంగు. ఆరోజు వర్షం పడటంతో బయట ముంగిట్లో కత్తులు, విల్లులతో నిలబడాల్సిన పాతకాలం కాపలా వేషాలవాళ్లని తగ్గించి లోపలికి మార్చారు. మన దేశం నుంచి అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు వెళ్లారు. ప్రధాని షింజో అబె మాత్రం పాశ్చాత్య టెయిల్‌కోటులోనే నిలబడి మూడుసార్లు బంజాయ్ అని జయజయధ్వానం చేశారు.

దైజోసై రాత్రి వేసుకునేది ఏది? ఫోటోలు సరిగ్గా దొరకట్లేదు.

దొరకవు, లోపల ఏం జరుగుతుందో కెమెరాకి చూపించరు. కొత్త చక్రవర్తి జీవితంలో ఒక్కసారే చేసే కొత్తబియ్యం క్రతువు అది, 2019లో నవంబర్ 14 రాత్రి మొదలై 15 తెల్లవారుజాము దాకా జరిగింది. ఆయన వేసుకునేది గోసైఫుకు, రంగు వేయని, ఉడకబెట్టి జిగురు తీయని పచ్చి పట్టు. అన్ని కొలువు దుస్తుల్లోకీ పవిత్రమైనది ఇదే అంటారు. టోపీ తోకని కూడా మడిచి తెల్ల పట్టుతో కడతారు. ఏ డిజైనూ ఏ మెరుపూ లేని ఆ బట్టే అన్నిటికన్నా పైది అన్న సంగతి చాలామంది గమనించరు.

పెళ్లికి అందరూ జూనిహితోయెనే వేసుకుంటారా?

రాజకుటుంబంలోకి వచ్చే కోడళ్లు వేసుకున్నారు, 1959లో మిచికో, 1990లో కికో, 1993లో మసాకో. ఇంటి ఆడపిల్లలు బయటివాళ్లని చేసుకుంటే కొంచెం తేలికైన కౌచిగి అనే పై అంగీ, పొడుగు హకమ వేసుకోవడం చూస్తాం, 2018 అక్టోబర్ 29న మెయిజి గుడిలో అయాకో రాకుమారి పెళ్లికి అలాగే చేశారు. హకమ రంగు చూడండి, పెళ్లయినవాళ్లకి ఎరుపు, పెళ్లికాని అమ్మాయిలకి ముదురు ఊదా ఎరుపు.

అకిషినో కొడుకు హిసహితో రాకుమారుడి ఫంక్షన్లో ఒకే రోజు రెండు రంగులు ఎందుకు మారాయి?

2025 సెప్టెంబర్ 6న ఆయనకి 19 నిండిన రోజు జరిగింది అది, పెద్దవాడైనట్టు ప్రకటించే కకన్ నో గి. ముందు పిల్లల వేషం, లేత పసుపు రంగులో, పక్కలు కుట్టకుండా వదిలేసిన అంగీ. తర్వాత తలమీద పెద్దవాళ్ల కన్మురి పెట్టి గడ్డం కింద తెల్ల తాడు ముడివేసి చివరలు కత్తెరతో కత్తిరించారు. ఆ తర్వాత లోపలికి వెళ్లి పక్కలు కుట్టిన నల్ల అంగీలో వచ్చారు, అది పెద్దల వేషం. అంతకుముందు ఇది జరిగింది 1985లో, ఆయన తండ్రి అకిషినోకి, అందుకే మన తరం వాళ్లలో చాలామంది మొదటిసారి చూశారు.

మామూలు రోజుల్లో కూడా ఇలాగే ఉంటారా?

లేదు, సూట్లు, గౌన్లే. పాతదుస్తులు పూజలకి, పట్టాభిషేకాలకి, పెళ్లిళ్లకి మాత్రమే.

## చరిత్ర

ఇదంతా చైనా నుంచి తెచ్చుకున్నదే కదా?

మొదలు అక్కడిదే, దాచాల్సిందేం లేదు. నారా దగ్గర అసుకాలో 1972లో బయటపడ్డ తకమత్సుజుకా సమాధి గోడల మీద బొమ్మలు చూస్తే ఆ కాలం వేషాలు చైనా, కొరియా వాటికి చాలా దగ్గరగా ఉంటాయి. 894లో టాంగ్ వంశం ఏలుతున్న చైనాకి రాయబారుల్ని పంపడం ఆపేశారు, ఆ తర్వాత కొలువు బట్టలు వాళ్ల వాతావరణానికి, నేల మీద కూర్చునే ఇళ్లకి తగ్గట్టు వదులుగా, వెడల్పుగా, పొరలు పొరలుగా మారిపోయాయి. మెత్తగా ఉండే బట్టలు 12వ శతాబ్దంలో టోబా చక్రవర్తి, కొలువు ప్రభువు మినమోతో నో అరిహితో చేతుల్లో గంజి పెట్టినట్టు బిరుసుగా అయ్యాయి. బిరుసు బట్ట ఒంటికి పట్టదు కాబట్టి కట్టేవాళ్లు కావాల్సి వచ్చింది.

వెయ్యేళ్లుగా ఏమీ మారలేదని అంటారు, నిజమేనా?

అలా అనలేం. 1467 నుంచి పదేళ్లు క్యోటోలో ఓనిన్ యుద్ధం జరిగి రాజకొలువు చేతిలో డబ్బు లేకుండా పోయింది, 1500లో గద్దెనెక్కిన గో-కషివబరా చక్రవర్తికి పట్టాభిషేకం జరిగింది 1521లో. అలాంటప్పుడు బట్టలు కట్టే పద్ధతులు చాలావరకు తెగిపోయాయి, ఎదో కాలంలో పాత రాతలు, బొమ్మలు వెతికి మళ్లీ నిలబెట్టారు. ఇంకో పెద్ద మార్పు కూడా ఉంది. 1847లో కోమెయ్ చక్రవర్తి పట్టాభిషేకం దాకా వేసుకున్నది ఈ గోధుమ అంగీ కాదు, ఎర్ర పట్టు మీద డ్రాగన్లు, ఒక భుజాన సూర్యుడు, ఇంకో భుజాన చంద్రుడు ఉన్న చైనా తరహా వేషం, నెత్తిన పూసలు వేలాడే కిరీటం. 1868లో మెయిజి చక్రవర్తి దగ్గర దాన్ని తీసేసి కోరోజెన్ పెట్టారు. తెగిపోయినదాన్ని ఓపిగ్గా వెతికి కలుపుకున్నారు చూడండి, నాకు ఏమీ మారలేదన్న మాట కంటే ఇదే గొప్పగా అనిపిస్తుంది.

మరి కోట్లు, గౌన్లు ఎప్పుడొచ్చాయి?

1872లో ప్రభుత్వ ఉత్సవాలకి పాశ్చాత్య దుస్తులని ఉత్తర్వు వచ్చింది, పాతవి పూజలకి మిగిలాయి. సామ్రాజ్ఞి షోకెన్ 1886లో గౌనుకి మారారు, 1887లో ఆడవాళ్లందరూ మారాలని ఒక ప్రకటన కూడా ఇచ్చారు, పైబట్ట వేరు కిందబట్ట వేరుగా ఉండటం జపాన్ పాత పద్ధతే అని, బట్ట మాత్రం స్వదేశందే కొనండని అందులో ఉంది.

ఖర్చు ఎవరు పెడతారు? గొడవలు రాలేదా?

పట్టాభిషేక ప్రకటన ప్రభుత్వ కార్యక్రమం, ఖర్చు ప్రభుత్వానిది. దైజోసై మతపరమైనది కదా, దానికి ప్రజల డబ్బు ఎందుకన్న వాదన ఉంది. 2018 నవంబర్‌లో స్వయంగా అకిషినో గారే అది కుటుంబం సొంత ఖర్చుతో చిన్నగా చేసుకుంటే మంచిదని పత్రికలవాళ్ల ముందు అన్నారు, చివరికి ప్రభుత్వ డబ్బుతోనే జరిగింది.

## చూడాలన్నా, వేసుకోవాలన్నా, గీయాలన్నా

జపాన్ టూర్‌కి వెళ్తే ఎక్కడ చూడొచ్చు?

మే 15న వెళ్లగలిగితే క్యోటో ఆవోయ్ మత్సురి (మత్సురి అంటే ఉత్సవం), అందులో సైఓదై అనే పాత్రలో ఒక అమ్మాయి జూనిహితోయెలో పల్లకి మీద వస్తుంది. అక్టోబర్ 22న అయితే జిదై మత్సురి, 1895లో మొదలైంది, వేర్వేరు కాలాల వేషాలు వరసగా నడుస్తూ వస్తాయి. క్యోటో పాత ప్యాలెస్‌కి టికెట్ అక్కర్లేదు, మూసి ఉండే రోజులు మాత్రం ముందే చూసుకోండి, పట్టాభిషేకం సింహాసనం తకమికురా ఉండేది అక్కడి షిషిన్‌దెన్ హాల్లోనే, 2019లో దాన్ని విడదీసి టోక్యోకి తీసుకెళ్లి మళ్లీ తెచ్చారు. మార్చి 3కి ముందు వెళ్తే ఎక్కడ చూసినా ఆడపిల్లల పండగకి మెట్ల మీద పెట్టే హినా బొమ్మలే, పైమెట్టు మీద ఉండే జంట వేసుకున్నది ఈ కొలువు దుస్తులే.

మనలాంటివాళ్లు వేసుకుని చూడొచ్చా? తప్పుగా అనుకోరా?

వేసుకోవచ్చు, వాళ్లే కట్టి చూపిస్తారు. మియె ప్రాంతంలో మెయివా ఊళ్లో ఇత్సుకినోమియా అనుభవ కేంద్రం ఉంది, ఒకప్పుడు ఇసె గుడికి పంపిన రాకుమారి ఉన్న చోటు అది, అక్కడ వేసుకునే ఏర్పాటు ఉంది. వెళ్లేముందు బుకింగ్ చూసుకోండి. కట్టేటప్పుడు ఊరికే ఊగకుండా, ఫోన్ పక్కన పెట్టి నిటారుగా నిలబడితే వాళ్ల పని తేలికవుతుంది.

బొమ్మ గీస్తున్నాను, తప్పులు లేకుండా ఏం చూసుకోవాలి?

మొదటిది ఓబి గీయొద్దు, ఎక్కువమంది చేసే తప్పు ఇదే. రెండోది ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు లోపలికి, 719 నుంచి అదే పద్ధతి. మూడోది గెయిషాల జడపిన్నులు, పూలగుత్తులు తలలో పెట్టొద్దు. చక్రవర్తి టోపీ తోక నిటారుగా, సైనికాధికారులది చుట్టేసి, మిగతావాళ్లది కిందకి. పొరలు గీసేటప్పుడు అన్నీ ఒకే వెడల్పున రావాలి, ఒక్కటి ఎక్కువ తక్కువైనా చూసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

పాప స్కూల్ ఫ్యాన్సీ డ్రెస్‌కి ఇంట్లో కుట్టగలమా?

కుట్టొచ్చు, అన్ని పొరలూ అక్కర్లేదు. ఒక్క వదులు అంగీ కుట్టించి మెడకి, చేతులకి, కింద అంచుకి మాత్రం అయిదు రంగుల పట్టీలు ఒకదాని కింద ఒకటి కనిపించేలా వేయించండి, బరువు ఉండదు, టైలర్‌కి అర్థమయ్యేలా చెప్పొచ్చు. రంగులు ముదురు నుంచి లేతకి వెళ్తే ఏదో ఒక పాత వరసకి దగ్గరగానే ఉంటుంది. ఎర్ర పరికిణీ బట్టతో హకమ లాగా కుట్టించినా చీలమండ దాకే ఉంచండి, పిల్లలు తొక్కుకుంటారు. మెడ దగ్గర ఎడమవైపు పైకి వచ్చేలా మడిచి పిన్ను పెట్టండి, కుడివైపు పైకి వస్తే అది జపాన్‌లో చనిపోయినవాళ్లకి కట్టే పద్ధతి.